గట్టుదారి నేస్తం

మరిడమ్మ తలమీద చుట్టకుదురు సర్దుకుని ఎండు నెత్తళ్ళ గంప ఎత్తుకుంది. లాక్‌డౌన్ పెట్టి నలభై రోజులు దాటింది. భావనపాడు ఒడ్డున పడవలు ఇసుకలో ఊరికే పడున్నాయి. ఆమె మాత్రం కోడి కూయకముందే లేవడం, ముంగిట కళ్ళాపి చల్లడం, నాలుగు చద్ది ముద్దలు మింగి గంప తీయడం మానలేదు.

"అత్తా, కొనీవోలే నేరు. ఈ ఎండన ఎక్కడికెల్తావు?" అంది కోడలు ధనలక్ష్మి.

"ఇంట్లో కూకుంటే నానూ ఈ నెత్తళ్ళలాగే ఎండిపోతాను."

నిజానికి ఆమె వెళ్తున్నది అమ్మకానికి కాదు. ఇన్నాళ్ళూ నేస్తం ముఖం చూడలేదు, అదీ ఆమె దిగులు.

కోటబొమ్మాళి వైపు రైతుల పల్లెలో ఉండే నారాయణమ్మ ఆమెకు నేస్తం. ఊరికే చనువు కాదు. పదహారేళ్ళప్పుడు అమ్మవారి గుడిలో చీరలు మార్చుకుని పెద్దల ముందు కట్టుకున్న నేస్తరికం. ఆనాటి నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే నేస్తరికం తెగినట్టే. నలభై ఏళ్ళలో పొరపాటున కూడా ఎవరి నోరూ జారలేదు. నారాయణమ్మకు ఒళ్ళంతా అమ్మవారు పోసినప్పుడు తోబుట్టువులే గడప తొక్కలేదు. మరిడమ్మ పదకొండు రోజులు వేపమండతో విసురుతూ పక్కనే కూర్చుంది.

రోడ్డు మీద పోలీసులున్నారని చేలగట్టు పట్టింది. ఏదో వానాకాలం రోడ్డు మునిగితే నారాయణమ్మే చూపించిన దారి అది. మోకాళ్ళు మొరాయిస్తున్నా, నేస్తానికి చెప్పాల్సిన ముచ్చట్లన్నీ తనలో తనే అప్పజెప్పుకుంటూ నడిచింది.

ఊరి మొదట్లో, నారాయణమ్మ పెరడు కనబడే చోట, గట్టుకు అడ్డంగా తుమ్మకంప. దాని వెనక మూతికి తువ్వాలు చుట్టుకుని నారాయణమ్మ మరిది కూర్మయ్య.

"ఆగక్కడే. మీ ఊరికి గుజరాత్ ఏటకెల్లిన మనుసులు తిరిగొచ్చారంట."

"మా ఇంటికెవలూ రానేదు బావు. ఒక్కపాలి నేస్తాన్ని సూసి ఎల్లిపోతాను. ఈ గట్టుకీ కంపేసినారేటి? ఇటెవలొస్తారని?"

"నువ్వొస్తావని. మా వదినే సెప్పింది. దగ్గరుండి ఏయించింది కూడా."

మరిడమ్మ నమ్మలేదు. కూర్మయ్యది మొదటినుంచీ లేనిపోనివి కల్పించే నోరు. అంతలో పెరటి గుమ్మంలోకి నారాయణమ్మ వచ్చింది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. మరిడమ్మ సంబరంగా గంప దించబోయింది.

"మరిడమ్మా! ఎల్లిపో. మా ఊరికి రాకు."

ఆ నోట తన పేరు. మరిడమ్మ దించబోయిన గంపను మళ్ళీ నెత్తిన సర్దుకుంది. రోగానికి భయపడితే తప్పులేదు, ఎవరి ప్రాణం వాళ్ళకు తీపి. "నేస్తమా, రాకు" అని ఉంటే నవ్వుకుంటూ తిరిగిపోయేది. నమ్మించి గొంతు కోయడమంటే ఇదేననుకుంది.

నారాయణమ్మ లోపలికి వెళ్ళి కాగితం గ్లాసుతో నీళ్ళు తెచ్చి మరిదికి ఇచ్చింది. అతను దాన్ని కంప సందులోంచి జాగ్రత్తగా ఇవతల పెట్టి వెనక్కి జరిగాడు.

"ఎండన పడొచ్చావు. తాగి ఎల్లమంది."

మరిడమ్మ వంగలేదు.

"దాహం నేదని సెప్పు బావు," అంది. పెరటి గుమ్మం వైపు చూసి, "నారాయణమ్మకి," అంది.

వచ్చిన దారినే వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. కంపకు ఇవతల గట్టు మీద, ఎండలో, కాగితం గ్లాసు నిండా నీళ్ళు.