పుంజీల ఎక్కం

దేముడమ్మకి మూడో ఎక్కం దాకా నీళ్ళు తాగినంత సులువు. నాలుగో ఎక్కం దగ్గరకొచ్చేసరికి నోరు మూతపడిపోయేది. నాలుగు మూళ్ళు ఎంతంటే పద్నాలుగనేది, కాదంటే పదకొండనేది, అదీ కాదంటే ఏడుపే. ఈ ఎక్కం పుణ్యమా అని ఇప్పటికే రెండో తరగతి రెండోసారి చదువుతోంది. ఈయేడూ తప్పితే బడి మానేసి చేపల తట్ట ఎత్తుకోవలసిందేనని తండ్రి గంగులు తేల్చేశాడు.

తల్లి తాతమ్మకి గుండెల్లో రాయి పడింది. తనూ ఎనిమిదో ఏటే తట్టెత్తుకున్న మనిషి, ఆ బరువేమిటో ఒకరు చెప్పాలా! పోనీ తనే నేర్పుదామంటే అక్షరమ్ముక్క రాదు. అరవై ఏడో సంవత్సరం పెద్దపరీక్షలకి ఇంకా రెండు వారాలే ఉన్నాయి.

ఒక సాయంత్రం తాతమ్మ వాకిట్లో కూర్చుని సంతకి ఎండుచేపలు లెక్కపెడుతోంది. చేతికి రెండేసి చొప్పున రెండు చేతులా ఒక్కసారే తీసి తట్టలో వేస్తే ఒక పుంజీ, అంటే నాలుగు. పక్కనే పిల్ల గోడకి చేరబడి నాలుగైదులు, నాలుగైదులు అని నసుగుతోంది. విని విని తల్లికి ఒళ్ళు మండింది.

"ఏటే ఆ గోల? అయిదు పుంజీలెన్ని?"

"ఇరవై" అంది పిల్ల ఠక్కున.

పాకే వయసు నుంచీ ఆ తట్ట పక్కనే పెరిగింది, ఎందుకు తెలీదు! తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మర్నాటి నుంచి పుస్తకం మూసేశారు. చేపలున్న రోజు చేపలు, లేని రోజు గవ్వలు, తల్లి పిల్లచేతే పుంజీలు వేయించింది. చిట్టి చేతుల్లోంచి చేపలు జారిపోయేవి. తిట్లూ పడ్డాయి, ముద్దులూ పడ్డాయి.

పరీక్షనాడు తాతమ్మ సంతకి పోకుండా తట్టతో సహా బడి కిటికీ దగ్గర నిలబడింది. జగన్నాధం మాస్టారు పిల్లని లేపి నాలుగొకట్లు ఎంతన్నారు. దేముడమ్మ కళ్ళు మూసుకుని, లేని చేపల్ని రెండు చేతులా వేసి, "లాభం" అంది.

క్లాసంతా గొల్లుమంది. ఆ పేటలో ఏది లెక్కపెట్టినా మొదటిదాన్ని ఒకటనరు, లాభమంటారు; పుంజీలు వేసినా మొదటి పుంజీ నాలుగు కాదు, లాభమే. ఆ మాట బళ్ళో అనకూడదని చెప్పడం తాతమ్మే మరిచిపోయింది. తన చేతులతోనే పిల్ల నెత్తిన తట్ట పెట్టేశాననుకుని నీరుకారిపోయింది. మాస్టారు బెత్తం అందుకున్నారు.

పిల్ల కళ్ళూ తెరవలేదు, చేతులూ ఆపలేదు. ఎనిమిది, పన్నెండు, పదహారు అంటూ సాగిపోయింది. నలభై దగ్గర ఎక్కం అయిపోతుందని దానికెవరు చెప్పారు గనక! నలభై నాలుగు, నలభై ఎనిమిది అంటూ నూటి దాకా వెళ్ళి అప్పుడు ఊపిరి తీసుకుంది. మాస్టారు బెత్తం పక్కన పెట్టి నాలుగు పదిహేడ్లు అడిగారు. చేతులు గబగబా ఆడాయి. అరవై ఎనిమిది అంది. అది సరో కాదో మాస్టారు పలక మీద వేసి చూసుకోవలసి వచ్చింది.

ఎవరు నేర్పేరని అడిగితే మాయమ్మ అని కిటికీ వైపు చూపించింది. నువ్వేం చదివేవమ్మా అన్నారాయన.

"బడి గడప తొక్కనేదు బాబూ."

"అయితే ఇప్పుడు తొక్కు. నీ కూతురు మూడో తరగతికెళ్తుంది. ఆ వెనక వరస వాళ్ళకి నేను ఏడాదిగా చెబుతున్నా నాలుగో ఎక్కం రాలేదు. నువ్వు చెప్పు."

తాతమ్మ తట్ట దింపింది. చేతులు కొంగుకి తుడుచుకుని లోపలికొచ్చి, పిల్లల మధ్య కూర్చుంది. కూతురు తన సంచిలోని గవ్వలు తెచ్చి ముందు పోసింది. ఆ క్షణాన తాతమ్మకి కలిగిన గర్వం అంతా ఇంతా కాదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక జరిగిందంతా గంగులుకి మూడుసార్లు చెప్పింది. మూడోసారి విన్నాక అతను చుట్ట పక్కన పడేసి, మూడో తరగతి పుస్తకాలు ఎక్కడ అమ్ముతారని అడిగాడు.