ఫ్రిజ్‌లో కాలువ నీళ్లు

ఆదివారం మధ్యాహ్నం కూరగాయలు తీద్దామని ఫ్రిజ్ తలుపు తెరిచింది లాయరమ్మ. కింది అరలో ఉండాల్సిన మూడు సీసాలూ లేవు. వాటి చోట కూల్‌డ్రింకులు బారులు తీరి ఉన్నాయి.

సీసాలు సింకు పక్కన బోర్లించి కనిపించాయి. ఆమె అంటించిన చీటీలు కూడా గోకి పారేసి, తళతళలాడేలా కడిగి పెట్టారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనగారు తాను తాగిన గ్లాసు తీసి సింకులో పెట్టిన పాపాన పోలేదు. కడగక కడగక ఇవాళే, వీటినే కడగాలా!

"నేనే పారబోశాను," అన్నాడు భర్త హాల్లోంచి, మెచ్చుకుంటుందేమో అన్నట్టు. "సాయంత్రం మా ఆఫీసువాళ్లొస్తున్నారుగా. ఆ కంపు నీళ్లు చూస్తే ఏమనుకుంటారు?"

అవి రంగుల ఫ్యాక్టరీ కాలువలోకి వదిలే నీళ్లు. గడుసువాళ్లు, తనిఖీ అధికారులకు సెలవు కదా అని ఆదివారమే గేటెత్తుతారు. పొద్దున ఒకసారి, పొద్దుగూకే ముందు ఇంకోసారి. ఇవాళ ఆమె అందరికంటే ముందు లేచి, ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, వెళ్లి బురదలో దిగి పట్టుకొచ్చింది. రేపు ల్యాబుకి చేరేదాకా వాటిని చల్లగా ఉంచాలి. గురువారం వాయిదా. ఈసారీ రిపోర్టు లేకపోతే కేసు కొట్టేస్తానని జడ్జిగారు మొహం మీదే చెప్పారు. కొట్టేస్తే కాలువ గట్టున పూలమొక్కలు పెంచుకుని బతికే నర్సరీ అక్క రోడ్డున పడుతుంది. ఆమె బోరులో ఇప్పటికే పసుపు నీళ్లు వస్తున్నాయి.

"నీళ్లే కదా, వచ్చేవారం మళ్లీ పట్టుకోవచ్చులే," అన్నాడు భర్త.

నీళ్లే కదా! ఆమె ఒళ్లు మండింది. ఫీజు రాని కేసులకి పెద్ద లాయరని స్నేహితుల ముందు నవ్వేదీ ఈయనే. "ఊరి కాలువలన్నీ నువ్వే కడుగుతావు సరే, మన బాత్రూమ్ ఎవరు కడుగుతారమ్మా?" అని కొత్తలో అత్తగారు అంటే, మారుమాటాడకుండా వెళ్లి కడిగింది. నిండు కోర్టులో అవతలి పక్క పెద్ద లాయరు "ఏమ్మా, ఇంట్లో పొయ్యి ఆపి వచ్చావా?" అంటే అందరితోపాటు తనూ నవ్వేసి వాదన మొదలుపెట్టింది. ఆ వాదన ఎప్పుడూ ఒక్కటే: పాడుచేసినవాళ్లే బాగుచేయాలి. ఫ్యాక్టరీ పాడుచేసిన కాలువని ఊరెందుకు బాగుచేసుకోవాలని అక్కడ గొంతు చించుకునే మనిషి, ఇంట్లో ఎవరు ఏం ఒలకబోసినా గుడ్డ పట్టుకుని పరిగెత్తుతూనే ఉంది. ఒక్కరినీ అడగలేదు, ఎందుకు అడగలేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది. ఈసారి కూడా అలవాటుగా తన బురద చెప్పుల కోసమే వెతుక్కోబోయింది, సగం దూరం వెళ్లి ఆగిపోయింది.

వెనక్కొచ్చి, ల్యాబువాళ్లిచ్చిన కొత్త సీసాల సంచీ తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

"సాయంత్రం గేటెత్తేసరికి మనం అక్కడుండాలి. కాలువలో దిగేది నువ్వు."

"నేనా? మరి వచ్చేవాళ్లకి ఎవరు వండుతారు?"

"ఫోన్ చేసి ఇంకోరోజు రమ్మను."

"నీకు మతిపోయిందా? నా పరువేం కావాలి?"

"పాడుచేసినవాళ్లే బాగుచేయాలి," అంది ఆమె, గొంతు పెంచకుండా. "కోర్టులో రోజూ చెప్పేదే. ఇంట్లో చెప్పడం ఇదే మొదటిసారి."

అతను దిక్కు తోచక వాళ్లమ్మ వైపు చూశాడు. సాయంత్రం వంటకని హాల్లోనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది అత్తగారు. ఆవిడ ఏమంటుందో అందరికీ తెలిసిందే కదా.

అత్తగారు కత్తి కింద పెట్టింది. కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలకో మరి దేనికో, ఆవిడకే తెలియాలి.

"మీ నాన్న పాడుచేసినవన్నీ బతికినన్నాళ్లూ నేనే బాగుచేశాను," అంది కొడుకుతో. "నువ్వు లేచి వెళ్లు."