కుడి మెలిక

తనిఖీ రోజు పొద్దున్నే వడ్రంగి మా కాలేజీ ల్యాబుకు డీఎన్‌ఏ నమూనా తెచ్చాడు. మెలితిరిగిన నిచ్చెనలా ఉంది. మెట్లమీద ఇంగ్లీషు అక్షరాలు ఏకి టీ, జీకి సీ జోడీగానే కుదిరాయి. మెలిక మాత్రం ఎడమకు తిరిగింది.

“కుడికి తిరగాలయ్యా,” అన్నారు లెక్చరర్ మేడమ్.

“నేనడిగితే ఎటైనా ఒకటే అన్నారు కదమ్మా,” అన్నాడతను.

చచ్చినా తప్పు ఒప్పుకోరు మా మేడమ్. నమూనాను బీరువా చాటున పెట్టించి, ఎదురుగా నిలువుటద్దం నిలబెట్టించారు. అద్దంలో మెలిక కుడికే తిరిగింది. అటెండర్ని కాబట్టి అద్దం మోసింది నేనే.

తనిఖీకొచ్చిన పెద్దమనిషి అద్దంలోకి తొంగిచూశాడు. “మెలిక బాగుంది. ఏ, టీ కూడా బాగున్నాయి. జీ, సీలు తిరగబడ్డాయేం?”

మేడమ్ తడుముకోలేదు. “వడ్రంగికి చదువు రాదండీ,” అన్నారు.