తొందరేం లేదు, చెప్పండి

తపాలా కార్యాలయంలో ఉత్తరాలు వేరుచేసే గదిలో ఆమె పంతొమ్మిదేళ్ళు పనిచేసింది. గోడ పొడవునా చెక్క గూళ్ళు, ఒక్కో వీధికి ఒక్కో గూడు. కవరు చేతిలోకి రావడం, దాని గూట్లో పడడం రెప్పపాటు పని. చిరునామా సగం చెరిగిపోయినా, "గడియారాల షాపు ఎదురుగా పచ్చ గేటు ఇల్లు" అని మాత్రమే రాసినా ఆమె గూడు తప్పేది కాదు. అందుకే అందరూ ఆమెను అడ్రసమ్మ అని పిలిచేవారు.

ఆ పేరంటే ఆమెకు ఇష్టం. బడిలో పిల్లలు పెట్టిన పేరు కన్నా ఎంతో నయం. ఆమెకు నత్తి. మాట గొంతు దాకా బాగానే వచ్చేది, పెదవుల దగ్గరికి వచ్చాక మొండికేసిన ఎద్దులా కదిలేది కాదు. ఉత్తరాలతో ఆ బాధ లేదు. అవి తిరిగి ప్రశ్నలు వెయ్యవు.

ఇంట్లోనూ ఆ లోటు తెలిసేది కాదు. భర్త గోడలకు రంగులు వేసేవాడు. నిచ్చెన మీదున్నా నేల మీదున్నా అతని నోటికి విశ్రాంతి లేదు. "మా ఇద్దరి వాటా మాటలూ దేవుడు నాకే ఇచ్చి పంపాడు" అని నవ్వేవాడు. అత్తగారికి డెబ్బై దాటాయి. చెవులు కాస్త మందమైనా నమ్మకం మాత్రం గట్టిది. రోజూ పొద్దున్నే అత్తాకోడళ్ళిద్దరూ వంటింటి కిటికీ దగ్గర కాసేపు కళ్ళు మూసుకుని నిలబడేవారు. అత్తగారు పైకే ప్రార్థించేది. కోడలు లోపల్లోపలే మాట్లాడుకునేది.

ఒకరోజు ఆ గదిలోకి యంత్రం వచ్చింది. గదిలో సగం అదే ఆక్రమించింది. గూళ్ళు ఊడదీశారు. ఉద్యోగుల్ని తలో దిక్కుకీ పంచారు. ఆమె చేతికొచ్చిన కాగితంలో ఇలా ఉంది: అత్యవసర అంబులెన్సు కేంద్రం, ఫోన్లు తీసుకునే విభాగం.

ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. పేరు పొరపాటున పడిందేమోనని అధికారి దగ్గరికి పరుగెత్తింది. నోరు పెగలక తన బాధంతా కాగితం మీద రాసి ఇచ్చింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, "లిస్టు పైనుంచి వచ్చిందమ్మా, నా చేతిలో ఏం లేదు. పదిహేను రోజుల్లో చేరకపోతే ఉద్యోగం వదులుకున్నట్టే" అన్నాడు.

సాయంత్రం వంటింటి బల్ల ముందు కూర్చుని ఆమె ఇంకో కాగితం తీసింది.

"ఏం రాస్తున్నావే అమ్మాయ్?" అని అత్తగారు అడిగింది.

"రా... రాజీనామా అత్తయ్యా."

సంగతంతా బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. అత్తగారు మధ్యలో అందుకోలేదు. ఆమె ఎప్పుడూ అందుకోదు. అంతా విన్నాక, "యంత్రం వస్తుందని తెలిసిన రోజు నుంచీ దేవుణ్ణి ఏమడుగుతున్నావు?" అంది.

"దా... దారి చూపించమని."

"చూపించాడుగా మరి!"

"ఇది దారేంటత్తయ్యా? మా... మాట పెగలని దాన్ని ఫో... ఫోన్ల ముందు కూర్చోబెట్టడం వె... వెక్కిరింత!"

"నీకు నచ్చిన దారి చూపిస్తేనే నడుస్తానంటే అది దేవుణ్ణి అడగడం కాదమ్మా, పనివాడికి పని పురమాయించడం." అత్తగారు కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మీ మామగారు పోయేనాటికి నాకు ముప్పై రెండేళ్ళు. ఆస్పత్రి లాండ్రీలో పని దొరికింది. ఆ యంత్రాల మోతకి వారం రోజులు వణికిపోయా. భయం పోయాక వెళ్దామని ఇంట్లోనే కూర్చుని ఉంటే, నీ మొగుడు ఇవాళ ఇంత ఒళ్ళు చేసేవాడా?"

పక్కగదిలోంచి కొడుకు, "మధ్యలో నా ఒళ్ళేం చేసిందే అమ్మా?" అని అరిచాడు. ఏడుస్తున్న కోడలికి నవ్వొచ్చింది.

రాస్తున్న రాజీనామా కాగితం చింపేసింది. మర్నాడు పొద్దున కిటికీ దగ్గర మనసులోనే అంది: నువ్వెందుకు పంపుతున్నావో నాకు అర్థం కావట్లేదు. పంపేది నువ్వే కాబట్టి వెళ్తున్నాను. నా నోటి సంగతి నువ్వే చూసుకోవాలి.

అంబులెన్సు కేంద్రంలో రెండు వరసల్లో పన్నెండు కుర్చీలు. ప్రతి కుర్చీ ముందూ ఒక తెర, ఒక హెడ్‌ఫోను. పాతికేళ్ళు నర్సుగా చేసి వచ్చిన ఇన్‌చార్జి మేడమ్ వాళ్ళ వెనకాల ఎప్పుడూ నడుస్తూనే ఉండేది. ఆమె చెప్పులకు చప్పుడుండేది కాదు, మాటకు మాత్రం ఉండేది. "ముందు నమస్కారం. తర్వాత ఎక్కడ, ఎవరికి, ఏమైంది. మూడే ప్రశ్నలు. ఎవరూ మాట్లాడకపోతే పదిహేను సెకన్లు చూసి పెట్టేయండి. ఆకతాయి ఫోన్లు రోజుకి వంద వస్తాయి."

శిక్షణ అయిపోయి, ఆమెకు మొదటి ఫోను వచ్చింది. "న... న..." దగ్గరే ఆగిపోయింది. "ఫోనెత్తి మాట్లాడవేంటి? ఇక్కడ మనిషి పోతున్నాడు!" అని అవతలివాడు గొంతు చించుకున్నాడు. పక్క సీటు అమ్మాయి చటుక్కున ఆ ఫోను తన వైపు మార్చుకుని పని పూర్తిచేసింది. రెండో ఫోనూ అంతే. మూడోదానికి వాక్యం మొత్తం వచ్చింది గానీ ఈలోగా అవతలివాళ్ళు పెట్టేశారు.

ఇన్‌చార్జి మేడమ్ ఆమెను పక్కకి పిలిచింది. "నీ మీద నాకు కోపం లేదు. కానీ ఇక్కడ ఆలస్యమైతే పోయేది ప్రాణం. శనివారం దాకా చూస్తాను. ఆ తర్వాత కూడా నిన్ను ఉంచితే తప్పు నాదవుతుంది."

ఆ మాటలో అన్యాయం లేదు. అందుకే మరీ గుచ్చుకుంది. మెట్ల మీద కూర్చుని ఆమె దేవుణ్ణి నిలదీసింది: పంపి ఊరుకున్నావా? బదులేమీ వినిపించలేదు. కానీ కాసేపటికి లేచి మళ్ళీ ఆ కుర్చీలో కూర్చునేంత బలం వచ్చింది. ఈ పూటకి ఇదే బదులు కాబోలు అనుకుని లోపలికి నడిచింది.

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకి ఆమె తెర మీద ఒక నంబరు వెలిగింది. పక్కనే చిన్న అక్షరాల్లో, అదే నంబరు నుంచి గడిచిన పావుగంటలో మూడు ఫోన్లు వచ్చాయనీ, మూడూ ఆకతాయివనీ రాసి ఉంది.

ఆమె ఎత్తింది. అవతల మాట లేదు. బరువైన ఊపిరి మాత్రం వినిపించింది. తర్వాత, "మ్... మ్మ..." అని ఒక మూలుగు.

పక్క సీటు అమ్మాయి తెర వంక చూసి, "వాడేనక్కా, పెట్టెయ్" అంది.

ఆమె పెట్టలేదు. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. ఆకతాయితనానికి ఊపిరి అలా తెగదు. మాట పెదవుల దాకా వచ్చి, బయటికి రాక మనిషి కొట్టుకుంటున్న చప్పుడది. నలభై ఏళ్ళుగా ఆమె గొంతులో వింటున్నదే.

"తొం... తొందరేం లేదు, చెప్పండి," అంది. "నేను పె... పెట్టెయ్యను. నాకూ నత్తే."

అవతల ఒక్క క్షణం ఊపిరి ఆగింది. తర్వాత వెక్కిళ్ళు వినిపించాయి.

"మాట రాకపోతే ఫోను మీద వేలితో కొ... కొట్టండి. అవునంటే ఒకటి, కాదంటే రెండు. బాగాలేనిది మీకేనా?"

టక్ టక్.

"ఇంట్లో వా... వాళ్ళకా?"

టక్.

"ఊపిరి ఆడుతోందా?"

టక్.

తెర మీది పటంలో ఎర్ర చుక్క పాత మిల్లు వెనకాల ఎక్కడో వెలుగుతోంది. ఆ చుక్క కింద పదకొండు వీధులు, వందల ఇళ్ళు. ఇన్‌చార్జి మేడమ్ వచ్చి వెనకాల నిలబడింది. "ఇది చాలదు. బండిని ఏ ఇంటికని పంపను?" అంది మెల్లగా.

ఆమె కళ్ళు మూసుకుంది. పదకొండు గూళ్ళూ కళ్ళముందు వరసగా నిలబడ్డాయి.

"మిల్లు గోడకి ఇవతలా?" టక్. "మె... మెట్ల వీధా?" టక్ టక్. "సబ్బుల గోడౌను వీధా?" టక్ టక్. "బావి సందా?"

టక్! ఈసారి గట్టిగా.

"ఇంటి నంబరెంతో అన్నిసార్లు కొట్టండి."

ఆమె వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. పదిహేడు. ఆ ఇంటికి మూడంతస్తులు. కింద ఫొటోగ్రాఫరు, మధ్యలో దర్జీ. పై అంతస్తుకి ఏటా రెండుసార్లు కూతురి పేర పరీక్ష పేపర్ల కట్టలు వెళ్ళేవి, తండ్రి పేర లేతు మిషను కార్మికుల సంఘం నుంచి కవర్లూ వెళ్ళేవి.

"పై అంతస్తేనా? మీరు లేతు పని చేసేవారు కదా. మీ అమ్మాయి టీ... టీచరు. బాగాలేనిది ఆమెకేనా?"

టక్. ఆ వెనకే ఏడుపు. తన ఇల్లు, తన పని, తన కూతురు ముక్కూమొహం తెలియని ఈ గొంతుకి తెలిసినందుకు ఆ మనిషి బావురుమన్నాడు.

ఇన్‌చార్జి మేడమ్ అప్పటికే మైకు అందుకుంది. "బావి సందు, పదిహేడు, మూడో అంతస్తు. కదలండి!"

బండి ఆ ఇంటికి చేరేదాకా ఆమె ఫోను పెట్టలేదు. కూతుర్ని పక్కకి తిప్పి పడుకోబెట్టించింది, తలుపు గడియ తీయించింది. ప్రతిదానికీ ఆగి, టక్ అని వినిపించాకే తర్వాతది చెప్పింది. నత్తి పోలేదు, ప్రతి వాక్యంలోనూ ఉంది. కానీ ఆ ఫోనుకి అటువైపు ఉన్న మనిషికి తొందరగా మాట్లాడేవాళ్ళు అక్కర్లేదు. ఏడో నిమిషంలో మెట్ల మీద బూట్ల చప్పుడు, ఆ వెనకే బండివాళ్ళ గొంతులు వినిపించాయి.

మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. టీచరుకి షుగరు ఒక్కసారిగా పడిపోయింది. ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేది కాదు. తండ్రికి ఏడాది కిందట పక్షవాతం వచ్చి మాట పోయింది.

ఇన్‌చార్జి మేడమ్ పన్నెండు కుర్చీల మధ్య నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది. "ఆ ఫోన్ని ఈ గదిలో మూడుసార్లు పెట్టేశాం. ఒకసారి పెట్టింది నేనే." తర్వాత ఆమె వైపు తిరిగింది. "శనివారం మాట మర్చిపో. ఇక నుంచి మాట వినపడని ప్రతి ఫోనూ నీ దగ్గరికే వస్తుంది. పదిహేను సెకన్ల నియమం తీసేస్తున్నాను. ఎలా వినాలో మా అందరికీ నువ్వే నేర్పాలి."

పక్క సీటు అమ్మాయి ముందు చప్పట్లు కొట్టింది. తర్వాత గదంతా కొట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె జరిగిందంతా చెప్పింది. భర్త మొదటిసారిగా నోరు తెరవకుండా కూర్చున్నాడు. అత్తగారు చెంగుతో కళ్ళు ఒత్తుకుని, వెంటనే చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికత్తయ్యా?"

"వీధిలో చెప్పొద్దూ!"

రెండు వారాల తర్వాత టీచరు తన తండ్రిని నడిపించుకుంటూ ఆ కేంద్రానికి వచ్చింది. ఆయనది తెల్లని చొక్కా, ఒక పక్కకి వాలిన భుజం. ఆయన అడ్రసమ్మ ముందు నిలబడి నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి, మెడ నరాలు బిగుసుకున్నాయి. ఏడాదిగా ఆయన నోట ఒక్క మాట వినలేదని కూతురు చెప్పింది. "నేను చెప్తాను నాన్నా" అని అందుకోబోయింది. అడ్రసమ్మ వద్దన్నట్టు చెయ్యెత్తింది.

ఎవరూ కదల్లేదు. ఇన్‌చార్జి మేడమ్ సైతం నడక ఆపి నిలబడింది. ఎంతసేపయిందో ఎవరూ గడియారం చూడలేదు.

"అ... అమ్మా" అన్నాడాయన.

కూతురు ఆయన్ని రెండు చేతులా వాటేసుకుంది. గదిలో గోల మొదలైంది. కొందరు నవ్వారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. అంతలో తెర మీద ఇంకో నంబరు వెలిగింది. అడ్రసమ్మ హెడ్‌ఫోను సర్దుకుని, తల నిటారుగా ఎత్తి, అందుకుంది.