పోని నలుపు

నేను ఒక ఎర్ర సబ్బుబిళ్లను. ఎక్కడో పెద్ద కొప్పెరలో నూనె, క్షారం కలిసి ఉడికి, అచ్చులో పడి, కాగితం చొక్కా తొడుక్కుని, పలాసలో ఓ కిరాణా కొట్టుకు చేరాను. అక్కడ ఢిల్లేశ్వరి నన్ను కొని, పెరట్లో నీళ్ల గోలెం పక్కన కొబ్బరిచిప్పలో కూర్చోబెట్టింది.

ఆమె పని జీడిపిక్కలు కొట్టి పప్పు తీయడం. పెంకులోంచి కారే, చర్మం కాల్చే జీడి రసానికి ఆమె వేళ్లు, అరచేతులు బొగ్గులా నల్లబడిపోయాయి. నురగ వస్తే చాలు, అన్నీ వదిలిపోతాయని మనుషులకు నా మీద గొప్ప నమ్మకం. ఆ నలుపు ముందు నేను మొదటి రోజే ఓడిపోయాను.

ఢిల్లేశ్వరి కూతురు జోషిత మూడో తరగతి. ఒకరోజు బళ్లో టీచరు చేతులు కడుక్కునే పద్ధతి నేర్పింది. గోళ్ల సందులు, వేళ్ల మధ్య, మణికట్టు దాకా. జోషిత ఇంటికొచ్చి అలాగే నన్ను అరగదీసింది. తీరా పెరటి గడప మీద పళ్లెం ముందు కూర్చున్నాక, అన్నం కలపబోతున్న తల్లి చేతిని చూసి పళ్లెం వెనక్కి లాక్కుంది.

"నువ్వు కలపొద్దమ్మా. నీ సేతులు మురికి. మురికి సేతుల్తో తింటే రోగాలొస్తాయని టీచర్ సెప్పింది."

"కడుక్కునే వచ్చేనే బుజ్జీ."

"మరింకా నల్లగే ఉన్నాయి కదేటి?"

ఢిల్లేశ్వరి గడప మీంచి లేచింది. వచ్చి నన్ను చేతిలోకి తీసుకుంది. రుద్దింది, కడిగింది, మళ్లీ రుద్దింది. నలుపు కదలకపోయేసరికి కొబ్బరిపీచు అందుకుంది. కాసేపటికి నా తెల్లని నురగ ఎర్రబారింది. నాకు నోరుంటే ఆపమని అరిచేదాన్ని.

మర్నాడు ఆ పచ్చి గాయాల మీద జీడి పడింది. మధ్యాహ్నానికి చేతులు వాచి బొబ్బలెక్కాయి. పక్కింటి పోలమ్మ ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లి కట్లు కట్టించింది. తిరిగొచ్చి గడప మీద కూర్చోబెట్టి తిట్టిపోసింది.

"బుద్దుందేటే నీకు? పదేళ్ల నుంచి పిక్కలు కొడతన్నావు. ఈ నలుపు సబ్బుకి పోద్దేటి? ఎవులు కడగమన్నారే?"

ఢిల్లేశ్వరి ఎవరి పేరూ చెప్పలేదు.

అప్పుడే బడి నుంచి వచ్చిన జోషిత గోలెం దగ్గర ఆగిపోయింది. వీపున సంచి అలాగే ఉంది. పోలమ్మ వెళ్లిపోయాక సంచి దించి, నన్ను తీసుకుంది. చేతులు శుభ్రంగా కడుక్కుని, లోపలికెళ్లి చారన్నం కలిపి తెచ్చి, తల్లి నోటి దగ్గర ముద్ద పెట్టింది.

"తినమ్మా."

"నా సేతులు మురికి గావే, అమ్మా," అంది ఢిల్లేశ్వరి.

"తెలుసు. పిక్కల నలుపది."

గాయాలు మానడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా నేను రేకులా అరిగిపోయాను. ఇంకొక్క స్నానానికైనా వస్తానో రానో. నేను వదలగొట్టిన మురికి ఎటుపోయిందో నాకు గుర్తు లేదు, పోని ఆ నలుపే గుర్తుంది.

ఈరోజు బళ్లో తల్లుల సమావేశం. ఢిల్లేశ్వరి రెండు చేతులూ కొంగులో దాచుకుని బయల్దేరింది. జోషిత ఆ కొంగు తప్పించి, చెయ్యి బయటికి లాగి పట్టుకుంది. ఇద్దరూ పెరటి దారిన నా ముందునుంచే వెళ్లారు. సందు మలుపు తిరిగేదాకా ఆ నల్లని చెయ్యి చిన్ని చేతిలో ఊగుతూనే ఉంది.