సీటు కింది వైరు

"నువ్వు ఆ కారు సీటు ముందుకీ వెనక్కీ గుంజి గుంజి చంపావు. రేపు మెకానిక్ వస్తాడు. పూర్తిగా వెనక్కి జరిపి బిగించేయమన్నాను," అన్నాడు భర్త, సాక్సులు తొడుక్కుంటూ.

ఆమె అతని లంచ్ డబ్బా మూత నొక్కుతోంది. అక్కడ బిగిస్తే తన కాలు క్లచ్‌కి అందదు. ఆ సంగతి అతనికి తట్టనేలేదు. వారంలో ఆరు రోజులు అతను ఆఫీసు వ్యానులోనే పోతాడు. అత్తగారిని మోకాళ్ళ వ్యాయామానికి తీసుకెళ్ళేదీ, పిల్లను బడి దగ్గర దించేదీ, సరుకులు మోసుకొచ్చేదీ ఈమే. అయినా రోజూ సాయంత్రం అతను సీటు వెనక్కి తోసేస్తాడు. "కారన్నాక యజమానికి తగ్గట్టుండాలి" అంటాడు. అత్తగారిని దించి ఒక్కతే తిరిగొచ్చే పావుగంటే రోజు మొత్తంలో ఆమెది. సీటు బిగిస్తే అదీ పోతుంది.

నెల రోజులుగా కారులో ఎయిర్‌బ్యాగ్ లైటు ఎర్రగా వెలుగుతోంది. సీటు ఎంత ముందుకుందో చెప్పే సెన్సరు పోయిందని మెకానిక్ కొత్తది వేశాడు. మర్నాడు ఆమె ఎక్కగానే మళ్ళీ వెలిగింది. మూడుసార్లు చూసి, "అమ్మగారు నడిపితేనే వస్తోంది సార్" అని చేతులు కడిగేసుకున్నాడు. భర్త ఆ మాట ఇంటిల్లిపాదికీ చెప్పి పడీపడీ నవ్వాడు.

భర్త వెళ్ళాక, పిల్లనూ అత్తగారినీ దించి వచ్చి ఆమె అటక మీంచి రేకుపెట్టె దించింది. మూత తీయగానే టంకం వాసన గుప్పుమంది, కళ్ళు చెమర్చాయి. నాన్నకి బళ్ళ కరెంటు పనులు చేసే షెడ్డుండేది. బడి నుంచి తిన్నగా అక్కడికే పోయి, బోర్లించిన బ్యాటరీ డబ్బా మీద కూర్చుని వైర్ల రంగులు అప్పజెప్పేది. నాన్న ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏమే టెస్టరూ, ఇటు రా!" అనేవాడు. బండి తెచ్చినవాళ్ళను ముందు అందులో కూర్చోబెట్టేవాడు. "మీరు రోజూ ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి బాబూ. నేను కూర్చుంటే దాని రోగం నాకెలా తెలుస్తుంది?" ఎంత బాగుండేవి ఆ సాయంత్రాలు! పెళ్ళి కుదిరినప్పుడు అత్తగారు, "ఇలాంటి పనులు మా ఇంట్లో ఆడవాళ్ళు చెయ్యరు" అన్నారు. అయినా నాన్న వైర్లు పరీక్షించే తన మీటరూ టంకం కడ్డీ ఆ పెట్టెలో సర్ది చేతికిచ్చాడు. పదమూడేళ్ళుగా అది అటక దిగలేదు.

ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టుండి పేలకుండా బ్యాటరీ వైరు ఊడదీసి, పది నిమిషాలు ఆగింది. ఈలోగా స్టవ్ మీది పాలు దించి వచ్చింది. అప్పుడు టార్చి పట్టుకుని కారులో బోర్లా పడుకుని, సెన్సరు వైరు రెండు కొసలా మీటరు పెట్టింది. సీటు వెనక్కి ఉన్నంతసేపూ వైరు బాగానే ఉందన్నట్టు మీటరు కూతపెట్టింది. మెకానిక్ చూసిందీ ఇంతే. సీటు తను కూర్చునే చోటికి లాగింది. కూత ఠక్కున ఆగిపోయింది.

ఆమధ్య కొత్త సీటు కవర్లు వేసినవాడు సీటును వెనక్కి నెట్టి, వైరును ఆ కొలతకే ప్లాస్టిక్ టైతో బిగించేశాడు. ఆమె జరిపినప్పుడల్లా అది గుంజుకుపోయి, పై తొడుగు అలాగే ఉన్నా లోపలి రాగి పోగులు తెగాయి. ఇంతమంది చూశారు, ఒక్కరూ ఆ సీటు ముందుకు జరిపి చూడలేదు! ఆమెకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. టై కత్తిరించి, జానెడు వైరు అదనంగా అతికి టంకం పెట్టింది. బ్యాటరీ తగిలించి తాళం తిప్పితే లైటు ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. సీటు ఎటు జరిపినా మళ్ళీ రాలేదు.

సాయంత్రం భర్త వచ్చి, లైటు ఆరిపోయి ఉండటం చూశాడు. "ఎవరు చేశారు?"

"నేనే." ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో చెప్పింది.

అతను అలవాటుగా సీటు వెనక్కి తోశాడు. "సర్లే. అయినా రేపు బిగించేయిద్దాం. ఊరికే జరుపుతుంటే మళ్ళీ తెగుతుంది."

"అలాగే, బిగించమనండి," అంది ఆమె. "నేను కూర్చునే చోట. ఆదివారం మీ మోకాళ్ళు తగిలితే పక్క సీట్లో కూర్చోండి. ఎక్కడికెళ్ళాలో చెప్తే నేనే తీసుకెళ్తాను."