ఒకటో నంబరు పక్కన ఖాళీ

పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కగానే హేమలత చేసే పని ఒకటే. టిఫిన్ డబ్బా కిటికీలో పెట్టి, కొంగుతో టెర్మినల్ అద్దం తుడిచి, గెడ్డలో, అంటే డ్యామ్ కింది కొండవాగులో, ఎవరెవరున్నారో చదవడం.

ఆ టెర్మినల్ వయసు నలభై ఏళ్ళు. పాతకాలం టీవీ అంత లావు, నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. సీలేరు అవతల కొండల్లో ఉన్న ఆ చిన్న డ్యామ్‌లో మిగతా సామానంతా మార్చారు గానీ, గేట్లు దాని మాట తప్ప ఎవరి మాటా వినవు కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు. డ్యామ్ కింద కొమ్ముగెడ్డలో ఎవరు కాలు పెట్టినా వాళ్ళ పేరు దాని మీద పడేది. బట్టలుతికేవాళ్ళు, పీతలు పట్టేవాళ్ళు, సంతకు దాటేవాళ్ళు, అందరూ వరస నంబర్లతో. ఒడ్డెక్కితే పేరు పోయేది. ఆరేళ్ళ కిందట హేమలత పార్వతీపురం నుంచి బదిలీ మీద వచ్చినప్పుడు, పాత ఆపరేటరు ఫ్యాను స్విచ్చి చూపించి, ఆ తర్వాత దీన్నీ చూపించి, బస్సుకు టైమైందని వెళ్ళిపోయాడు.

గేటు ఎత్తే ముందు ఆమె పేర్లు చదివేది, వాచ్‌మన్ గాసి మైకులో పిలిచేవాడు. గాసిది గెడ్డ అవతలి పనసగుడ. అందరూ చుట్టాలే గనక ఉత్తినే పిలిచి ఊరుకునే రకం కాదు. కామేష్‌కి పీతలు రేపు కూడా ఉంటాయని చెప్పేవాడు, భానుకి ఆ సబ్బు అరగదీసింది చాలని చెప్పేవాడు. తెర ఖాళీ అయ్యాకే గేటు లేచేది.

ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టి నాలుగు రోజులు వదల్లేదు. అయిదో రోజు పదకొండింటికి టెర్మినల్ బిగుసుకుపోయింది. తెర మీద ఏడు పేర్లు. ఆ ఏడుగురినీ గాసి ఒడ్డెక్కించి వచ్చినా పేర్లు కదల్లేదు, ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. గేట్లూ అంతే. జలాశయంలో నీళ్ళు మాత్రం అంగుళం అంగుళం లేస్తున్నాయి.

ఇంజనీరు వరహాలరావు ఫోన్ చేసి రీసెట్ కొట్టమన్నాడు. రీసెట్ అంటే ఏమిటో కాలనీలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. గేట్లు మాట వింటాయి, పేర్లన్నీ చెరిగిపోతాయి. మళ్ళీ ఒక్కొక్కరినీ గుర్తుపట్టడానికి దానికి ఒక వానాకాలం పడుతుంది. కిందటిసారి రీసెట్ చేసిన ఏడాదే గాసి తమ్ముడు గెడ్డలో పోయాడు. తెర మీద ఎవరూ లేరని అప్పటి ఆపరేటరు గేటు ఎత్తేశాడు. కానీ మూడింటికల్లా గేటు లేవకపోతే నీళ్ళు మట్టికట్ట మీంచి పొర్లుతాయి. కట్ట కింద కాలనీ ఉంది, బడి ఉంది, ఆ బడిలో నాలుగో తరగతి చదివే ఆమె కూతురు వెన్నెల ఉంది.

వెనక స్విచ్ ఆపింది. ఇరవై లెక్కపెట్టింది. రెండు బటన్లు కలిపి నొక్కిపట్టి మళ్ళీ స్విచ్ వేసింది. ఏడు పేర్లూ పోయి తెర నల్లగా నిలబడింది.

రెండుంపావుకి గాసి మూడోసారి సైరన్ మోగించాడు. కనుచూపు మేర గెడ్డలో ఎవరూ లేరు. హేమలత గేటు బటన్ మీద వేలు పెట్టింది. అప్పుడు తెర మీద ఒకటో నంబరు పడింది. దాని పక్కన పేరు లేదు. ఖాళీలో పచ్చటి చుక్క మినుకుమినుకుమంటోంది.

ఫోన్‌లో వరహాలరావు విసుక్కున్నాడు. రీసెట్ అయిన మిషన్ పేరు అడుగుతుందని, అది ఖాళీ గడి తప్ప మనిషి కాదని, బేగి గేటు ఎత్తమని. అతను చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఈ ఆరేళ్ళలో అది ఎవరినీ పేరు అడగ్గా ఆమె చూడలేదు. గాసిని పిలిచి చూపించింది. అతను తడి చేతులు లుంగీకి తుడుచుకుని తెర మీదికి వంగాడు.

"పేర్లన్నీ మరిసిపోనాది గదమ్మా," అన్నాడు. "పేరే లేనోళ్ళని ఎలా మరిసిపోద్ది?"

"పేరు లేనివాళ్ళు ఎవరుంటారు బాబాయ్?"

"మా ఊర్లో సోనికి నెలలు నిండినాయి."

ఆ మాట అంటూనే గొడుగు కూడా తీసుకోకుండా పరిగెత్తాడు.

ఆ తర్వాతి అరగంట హేమలత కుర్చీలో కూర్చోలేదు, నిలబడనూ లేదు. ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తలేదు. నీటిమట్టం ముల్లు ఎర్రగీతను తాకింది, దాటింది. అది ఉత్త చుక్కే అయితే ఒక ఖాళీ గడి కోసం సొంత పిల్లని ముంచేస్తున్నానని ఏడుపొచ్చింది. కాకపోతే? బటన్ మీద వేలు పెట్టేది, తీసేది. కట్ట మీద మొదటి నీళ్ళు సన్నగా జారుతున్నాయని కాలనీవాళ్ళు అరుస్తూ పిల్లల కోసం బడికేసి పరిగెత్తుతున్నారు.

రెండూ నలభై ఎనిమిదికి ఒకటో నంబరు పోయింది. ఆమె గేటు ఎత్తింది.

సాయంత్రం గాసి చెప్పాడు. ఆసుపత్రికని సోనిని నలుగురు డోలీలో మోసుకొస్తూ మలుపు అవతల గెడ్డలో దిగారు. మధ్యలోకి వచ్చేసరికి నొప్పులు ఆగలేదు, అక్కడున్న బండ మీదే దించారు. నీళ్ళ హోరులో సైరన్ వినపడలేదు, గాసి వెళ్ళి చెప్పాకే తల్లినీ పిల్లనీ ఎత్తుకుని ఒడ్డెక్కారు. అక్కడ అంతమంది ఉంటే టెర్మినల్‌కి తెలిసింది అప్పుడే పుట్టిన ఆడపిల్ల ఒక్కతే.

తొమ్మిదో రోజు పనసగుడలో పేరు పెట్టాలి. హేమలత చిన్న గౌను కొని తీసుకెళ్ళింది. సోని గౌను తీసుకుంది గానీ పేరు మాత్రం ఇప్పుడు వద్దంది. "పేరెట్టీనామంటే మీ మిషను దీన్నీ మాలాగే మరిసిపోద్దమ్మా," అంది. ఊరి పెద్దలు కాసేపు గొణిగి ఒప్పుకున్నారు.

మర్నాటి నుంచి గెడ్డ దాటక తప్పని వాళ్ళు ముందు సోని ఇంటికి వెళ్ళేవాళ్ళు. రేషన్‌కి వెళ్ళే భాను, జ్వరం మాత్రలకి వెళ్ళే కామేష్, ఎవరైనా సరే, ఆ పిల్లని చీరలో కట్టుకుని దాటేవాళ్ళు. తెర మీద ఒకటో నంబరు పడేది, పక్కన ఖాళీ. అది పోయేదాకా హేమలత చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

ఆ వానాకాలం దాటినవాళ్ళందరూ ఒడ్డెక్కారు. పిల్లకి మాత్రం కార్తీకంలో తెర మీద అందరి పేర్లూ మళ్ళీ పడేదాకా పేరు పెట్టలేదు.